కాసమ్మ బొట్టుకు లైటు

ఆ మంగళవారం పొద్దున్న పైడన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. చేపల బుట్టలతో పాటు పెళ్లాన్ని బరంపురం బజారులో దించాలి. ఆమె మధ్యాహ్నం దాకా చేపలమ్ముకుంటూ ఉంటే, ఈలోగా తను గోసాని నువాగాం వెళ్లి, పికప్ బండికి లైట్లున్న కొత్త వైజర్లు వేయించాలి. పన్నెండింటికి ఏమీ ఎరగనట్టు వచ్చి ఆమెను ఎక్కించుకోవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదు. కాని పైడన్న చెయ్యి పెట్టిన పనిలో తప్పుకు చోటు వెతకక్కర్లేదు, అదే వచ్చి కూర్చుంటుంది.

వైజరంటే మరేం లేదు, బండి ముందు అద్దం పైన ఎండకు అడ్డంగా దించుకునే అట్ట. పైడన్న బండికున్నవి పాతవి. తన వైపుది చిరిగి లోపలి స్పాంజి జుట్టులా వేలాడుతోంది. కాసమ్మ కూర్చునే వైపుది పరవాలేదు. కొత్త రకంలో వైజరు వెనక ఓ చిన్న అద్దం, అద్దానికి మూత, మూత జరపగానే అటూ ఇటూ రెండు లైట్లు. పెద్ద పెద్ద కార్లలో ఆడవాళ్లు ముఖం చూసుకోవడానికి పెట్టిన ఏర్పాటు. చేపలు మోసే బండికి అదెందుకని అడిగితే, దానికి కాసమ్మ బొట్టు కారణం.

ఆర్యపల్లిలో పడవలు దిగిన చేపను తెల్లవారకముందే బండికెత్తాలి. క్యాబిన్‌లో ఉన్న ఒక్క లైటూ చచ్చి ఏడాదైంది. కాసమ్మ చీకట్లోనే ఎక్కి కూర్చుని, బొట్ల అట్టలోంచి ఒక బిళ్ల తీసి, తడుముకుంటూ నుదుట అంటించుకునేది. తెల్లారి చూస్తే అది ఒకరోజు కనుబొమ మీద, ఒకరోజు పాపిట మొదట్లో ఉండేది. ముందురోజు బజారులో పాణిగ్రాహి మాస్టారి భార్య, బజారంతా మాఉసీ అని పిలిచే ఒరియా పెద్దావిడ, చేపలు బేరమాడుతూ ఆగి, "ఏ గో కాసమ్మా, నీ బొట్టు రోజుకో వీధి తిరుగుతాదేటి!" అని నవ్వింది. పక్కన ఎండుచేపలమ్మే ముత్యాలు ఇంకా గట్టిగా నవ్వింది. కాసమ్మ కూడా నవ్వింది. నవ్వనిది పైడన్న ఒక్కడే.

ఎందుకంటే అతనికి ఒక పాత బాకీ గుర్తుకొచ్చింది. డబ్బు బాకీ కాదు, మాట బాకీ. ఫైలిన్ తుఫానుకు పడవ ముక్కలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన రోజున, కాసమ్మ ముక్కుపుడక, మెడలో బంగారు గొలుసు తీసి అతని చేతిలో పెట్టి, "సముద్రం వద్దు మావా, బండి కొను" అంది. పైడన్న "ఊఁ" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ "ఊఁ" తప్ప అతను ఆమెకు చెప్పుకున్న కృతజ్ఞత ఇంకేమీ లేదు. వాళ్ల ఊళ్లో మగవాళ్లు సముద్రానికి కొబ్బరికాయ కొట్టి దండం పెడతారు, పడవకు పసుపు రాస్తారు, చివరికి వలకు కూడా మొక్కుతారు. పెళ్లానికి ఒక మంచిమాట చెప్పడం మాత్రం ఎవరూ నేర్పలేదు. చెప్పలేనివాడు ఏదో ఒకటి చేసి చూపించాలి కదా అని ఆ రాత్రంతా ఆలోచించి, లైట్ల దగ్గర ఆగాడు.

కాసమ్మలో అతనికి నచ్చనిది ఒక్కటే, ఆ నోరు. నెలన్నర క్రితం దాకా ఆమె తక్కిన ఆడవాళ్లతో కలిసి ఆటోలో బజారుకు వచ్చేది. ఒక తెల్లవారుజామున ఛత్రపురం దాటాక పైడన్న బండి మైలురాయిని గుద్ది బంపరు సొట్ట పడింది. "కుక్క అడ్డొచ్చింది" అని ఇంట్లో చెప్పాడు. ఆ తర్వాత నాలుగు రోజులకు కాసమ్మ, "ఆటోలో నడుం పడిపోతంది" అంటూ బండెక్కేసింది. ఎక్కింది మొదలు దిగేదాకా మాటలే. మాటకు "ఊఁ" అనకపోతే మోచేత్తో పొడిచేది.

"సమఖండిలో మా పిన్నత్త కోడలు పుట్టింటికెల్లిపోనాది, ఇన్నావా?"

"ఊఁ."

"ఎందుకెల్లిందో అడగవేటి?"

"ఎందుకెల్లింది?"

"అదే సెప్పబోతన్నాను, ఇను."

స్విచ్చి లేని రేడియో కొన్నట్టయింది అతని బతుకు. ఆ మంగళవారం కూడా పిన్నత్త కోడలు పుట్టింటికి వెళ్లి, రాజీపడి, మళ్లీ అలిగేసరికి బరంపురం వచ్చింది.

గోసాని నువాగాంలో శ్యామసుందర్‌ది బండ్ల సామాన్ల దుకాణం. తండ్రి నాటి నుంచి అక్కడే ఉన్న తెలుగువాడు, ప్రతి గిరాకీనీ "భాయి" అనే పిలుస్తాడు. అతను పాత వైజర్లు విప్పి, కొత్తవి పెట్టబోతే మేకుల బెజ్జాలు కలవలేదు. కారుకు చేసినవి పికప్‌కు ఎలా కలుస్తాయి? కొత్త బెజ్జాలు వేశాడు. చచ్చిన క్యాబిన్ లైటు తీగను బతికించి, దాన్నుంచి రెండు తీగలు పైకప్పు గుడ్డ కింద దూర్చి లాగాడు. మూత జరిపి చూపించాడు. పట్టపగలు కూడా తెల్లగా వెలిగింది. అద్దంలో తన ముఖం చూసుకుని పైడన్నే కాస్త సిగ్గుపడ్డాడు.

"పాతయి ఏటి సెయ్యమంతావు భాయి?"

చిరిగినది ఎలాగూ పనికిరాదు. రెండోదాని వెనక మాత్రం వరసల్లో బొట్టుబిళ్లలు అంటించి ఉన్నాయి. తీసేసిన బొట్లను అద్దానికో తలుపుకో అంటించడం ఆడవాళ్లందరూ చేసేదే. ఈ చెత్తంతా కొత్త అద్దం మీదికి రాకుండా ఉంటే బాగుండునని మాత్రం పైడన్న అనుకున్నాడు.

"పారీ" అన్నాడు.

పారెయ్యనక్కర లేకుండా దుకాణం ముందే పాత సామాన్ల దాలయ్య తోపుడుబండి ఆగి ఉంది. శ్యామసుందర్ స్వయంగా అతని చేతికిచ్చాడు.

పన్నెండింటికి కాసమ్మ ఖాళీ బుట్టలు బండిలో వేసి ఎక్కింది. పైడన్న బండి తియ్యలేదు. రాత్రి నుంచి మనసులో అనుకుంటూ వచ్చిన మంచిమాట ఒకటి గొంతు దాకా వచ్చింది గాని, పైకి మాత్రం "ఆ వైజరు దించు ఓలే" అనే వచ్చింది. కాసమ్మ దించింది. అతనే చెయ్యి చాచి మూత జరిపాడు. రెండు లైట్లూ వెలిగాయి. ఆ వెలుతురులో ఆమె ముఖం ముందు తెల్లబోయి, తర్వాత పూర్తిగా వాడిపోయింది.

"నా బొట్లేవి?"

"ముందు లైటు సూడెహె."

"లైటు సూసినాను. నా బొట్లేవి మావా?"

"పాత బొట్లకి ఏడుస్తావేటి? పది అట్టలు కొనిస్తాను."

"ఆ పాత వైజరు దీపాలేళకి నా సేతిలో ఉండాల. ఇయ్యాలే ఆఖరి రోజు. లేకపోతే ఇన్నాళ్లు సేసిందంతా నీళ్లపాలు."

"ఏటి సేసినావు? దేనికి ఆఖరు?"

"సెప్పకూడదు."

పైడన్నకు ఒక్కసారిగా బుర్రలో వైజరు కన్నా పెద్ద లైటే వెలిగింది. స్పాంజి నిండిన అట్ట. కుట్లు విప్పి ఏదైనా దాచుకోవచ్చు. "అందులో బంగారం గాని దాసినావేటి?" అన్నాడు గొంతు తగ్గించి.

"బంగారం కంటే ఎక్కువే! ముందు బండి తియ్యి."

బంగారం కంటే ఎక్కువంటే బంగారం ఎక్కువే ఉందని అతను అర్థం చేసుకున్నాడు. దుకాణం దాకా కాసమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నెలన్నరగా తను కోరుకున్న నిశ్శబ్దం అదే. తీరా దొరికాక అతనికి అది రుచించలేదు. పిన్నత్త కోడలి సంగతైనా ఎత్తితే బాగుండునని మనసులో బతిమాలుకున్నాడు.

ఆమెను బండిలోనే ఉంచి దుకాణంలోకి పరిగెత్తాడు. శ్యామసుందర్ చెవిలో, "ఎవ్వరికీ సెప్పకు భాయి. ఆ పాత వైజర్లో బంగారం ఉండిపోనాది" అన్నాడు. శ్యామసుందర్ మాట మీద నిలబడే మనిషి, ఎవరికీ చెప్పలేదు. ఫోనులో దాలయ్యకు ఒక్కడికే చెప్పాడు. దాలయ్యకు చెవుడని గట్టిగా చెప్పాడు.

"ఒరే దాలయ్యా! పొద్దున్న నానిచ్చిన వైజర్లో బంగారం ఉందంటరా! ఎక్కడున్నావు?"

"ఏ వైజరు? వైజరంటే ఏటో కూడా నాకు తెల్దు బాబో" అని దాలయ్య ఫోను పెట్టేశాడు. పాత సామాన్లు కొనేవాడికి బంగారం అన్న మాట చెవిన పడితే ముందుగా కనిపించేది పోలీసుస్టేషనే.

ఎదురు టీకొట్టు దగ్గర పదిమంది డ్రైవర్లున్నారు. వాళ్లకు వినపడింది ఇంతే: వైజర్లో బంగారం. మనుషుల ఆశకు వివరాలు అక్కర్లేదు. ఎవడి బండి వాడు ఎక్కి ఎవడి వైజరు వాడు కోసుకోవడం మొదలుపెట్టాడు. బంగారం ఒక్కడికీ దొరకలేదు గాని చాలా కాలంగా పోయినవన్నీ దొరికాయి. ఒకడికి దువ్వెన దొరికింది. ఒకడికి మామగారు రాసిన ఉత్తరం విప్పకుండానే దొరికింది. ఒకడికైతే, పోయిందని కొత్తది తీసుకున్న లైసెన్సే దొరికింది. అతను కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చి పైడన్న చేతులు పట్టుకున్నాడు. "నీ రునం తీర్సుకోలేను భాయి" అన్నాడు. పైడన్న "ఊఁ" అన్నాడు.

అంతలో వీధి మలుపులో దాలయ్య కనిపించాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, తోపుడుబండి వదిలేసి, చేపల బజారు వైపు పరుగు తీస్తున్నాడు. "అదిగో!" అన్నాడు ఒకడు. పైడన్న బండి వెనక రెండు ఆటోలు, ఆటోల వెనక బైకులు బయల్దేరాయి. ఏం జరిగిందో తెలియని వాళ్లు కూడా వెనకబడ్డారు. జనం పరిగెడుతుంటే ఎందుకని అడిగేవాడు తక్కువ, చెప్పులు చేత్తో పట్టుకుని కలిసేవాడే ఎక్కువ.

చేపల బజారులో ముత్యాలు ఎండు మాగచేపల బుట్ట ముందు కూర్చుని, ఈగలు వాలకుండా ఒక అట్టతో విసురుకుంటోంది. దుమ్ము లేపుకుంటూ ఇంత జనం తన మీదికే రావడం చూసింది. ఆమె తూకపురాళ్లలో ఒకటి కాస్త నీరసమైనది. ఆ సంగతి ఆమెకూ దేవుడికీ తప్ప తెలియదు. "ఓలమ్మో, తూకాలోల్లు!" అని ఒక్క కేక పెట్టి, ఆ రాయిని మురుక్కాలవలోకి విసిరేసి, బుట్ట చంకన పెట్టుకుని, అట్ట పట్టుకుని లేచి పరుగెత్తింది.

"ముత్యాలూ! ఆగే! సేతిలోది కదపకే!"

బండి ఆగకముందే దూకింది కాసమ్మ. ఆమె గొంతు విని ముత్యాలు ఆగింది. చేతిలో ఉన్నది పాత వైజరే. వెనక వరసల్లో బొట్లు మెరుస్తున్నాయి.

దాలయ్య ఆయాసపడుతూ వచ్చి పడ్డాడు. "నాను తియ్యలేదు బాబో! దార్లో ఎండకి నెత్తిన ఎట్టుకున్నాను, అంతే. ఇక్కడికొచ్చేసరికి ముత్యాలు ఈగల్తో సస్తంది. ఇసురుకోయే అని ఇచ్చీసినాను. బంగారం అనేసరికి భయమేసి, ఎనక్కి తెచ్చీడానికే లగెత్తినాను."

"నువ్వు ఇలగ బండెక్కినావు, ఈడు అలగ వచ్చినాడు" అంది ముత్యాలు కాసమ్మతో. "అడిగితే నానే ఇచ్చుందును గదే. దీనికి ఊరంతా ఎందుకు రావాల?"

కాసమ్మ ఎవరి మాటా వినడం లేదు. నేల మీద చతికిలబడి, వైజరు ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క బొట్టునీ వేలితో తాకుతూ లెక్కపెడుతోంది. జనమంతా ఆమె చుట్టూ మూగారు. బంగారం ఇప్పుడు బయటపడుతుందని వాళ్ల నమ్మకం.

"ముప్పయ్యెనిమిది" అంది ఆమె. కళ్లు నిండిపోయాయి. "నలబై ఉండాల. రెండు పోనాయి మావా."

పైడన్నకు ఇప్పటికీ ఏమీ తెలియదు. కాని ఆమె కంట్లో నీళ్లు తన వల్ల వచ్చాయని మాత్రం తెలుసు. అది చాలు. "ఏ దాలయ్యా, సరీగా సెప్పు!" అని అరిచాడు.

"ఊరి తల్లి ఠాకురాణమ్మ మీద ఒట్టు! నా కల్లు పోతాయి!" అని దాలయ్య, ఒట్టుకు తగిన భక్తితో తలమీది తువ్వాలు తీసేశాడు. నున్నటి బట్టతల నడినెత్తిన ఒక ఎర్ర బొట్టుబిళ్ల నిగనిగలాడుతోంది.

ముందు ముత్యాలు నవ్వింది. తర్వాత బజారంతా నవ్వింది. కాసమ్మ లేచి, అతని తలను రెండు చేతులా వంచి పట్టుకుని, గోటితో ఆ బిళ్ల తీసి అట్టకు అంటించింది. "ముప్పయ్తొమ్మిది" అంది. దాలయ్య ఆ జనంలో ఎవరి ముఖమూ చూడలేక మళ్లీ తువ్వాలు చుట్టుకున్నాడు.

ఆ నవ్వుల్లోనే మాఉసీ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో అప్పుడే కొనుక్కెళ్లిన ఎండు మాగచేప, ఆవిడ మాటలో సుఖువా. దాని మీద ఒక మందారపువ్వు కూడా ఉంది.

"ముత్యాలూ, ఇదేటి గో! సుఖువా కొని ఇంటికెళ్లి కొయ్యబోతే సేప నుదుట బొట్టు! మంగళవారం ఠాకురాణి ఇలాగొస్తే నేనెట్ల కోస్తాను? మాస్టారు దండం పెట్టి, వెనక్కిచ్చీసి రమ్మన్నారు."

చేప రెండు కళ్ల మధ్య, అసలైన చోట, తీర్చి దిద్దినట్టుగా ఉంది బొట్టు. ముత్యాలు విసిరినప్పుడు ఊడి పడిందన్నమాట. నిజం చెప్పాలంటే ఈ నెలన్నరలో కాసమ్మ నుదుట ఒక్కరోజైనా అది అంత తిన్నగా కుదరలేదు. కాసమ్మ చేపను కళ్లకద్దుకునేంత పని చేసి, బిళ్ల తీసుకుంది. "నలబై!"

"ఇప్పుడు దీన్ని వండొచ్చా?" అంది మాఉసీ అనుమానంగా.

"వండుకో మాఉసీ. ఇప్పుడది ఒట్టి సుఖువాయే."

కాసమ్మ తన కనుబొమ మీదున్న ఆనాటి బొట్టు తీసి, వరస చివర అంటించి, వేలితో గట్టిగా నొక్కింది. "నలబై ఒకటి. అయిపోనాది. ఇంక సెప్పొచ్చు."

"మరి బంగారమేది?" అన్నాడు వెనక నుంచి ఒక డ్రైవరు.

"అదిగో, నా మొగుడు" అంది కాసమ్మ. "ఆ రోజు కుక్కా లేదు, గిక్కా లేదు. నువ్వు కునుకు తీసినావు. మైలురాయి ఉండబట్టి ఆగినావు. పక్కన లోతు కాలవ. బంపరు సూసిన్నాడే నాకు తెలిసిపోనాది. అప్పుడే ఠాకురాణమ్మకి మొక్కుకున్నాను. నలబై ఒక్క రోజులు నీ పక్కనే కూసుంటాను, నీ కన్ను మూత పడనివ్వను, రోజూ సేమంగా బజారు సేరి, బేరం అయిపోనాక ఆనాటి బొట్టు తీసి అంటిస్తాను, ఆఖరునాడు ఆ బొట్లన్నీ తెచ్చి సూపిస్తాను అని. లెక్క నిండకముందే మొక్కు నోట్లోంచి జారితే పండదు గదా, అందుకే సెప్పలేదు."

పైడన్న ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత ఏదో వెలిగింది.

"అయితే పిన్నత్త కోడలు..."

"పిన్నత్తకి కొడుకే లేడు మావా, కోడలెక్కడిది? నువ్వు నిద్దరోకుండా ఏదో ఒకటి సెప్పాల గదా."

"మరి బొట్టు వంకరగా ఎట్టుకోడం?"

"అద్దంలో నన్ను నాను సూసుకుంటా కూకుంటే, నిన్నెవరు సూత్తారు?"

ఇన్నాళ్లుగా తను వాగుడనుకున్నది తన ప్రాణానికి కాపలా అని తెలిశాక, ఏ మనిషికైనా మాట రావడం కష్టమే. అయినా పైడన్న ఈసారి "ఊఁ" అనకూడదని గట్టిగా అనుకున్నాడు. ఇంతమందిలో, చేపల వాసనలో నిలబడి, "నువ్వు లేకపోతే నాను లేను కాసమ్మా. అప్పుడూ నువ్వే బతికించినావు, ఇప్పుడూ నువ్వే" అన్నాడు. అనేశాక తన మాట తనకే వినపడి భయపడ్డాడు. లైసెన్సు దొరికిన డ్రైవరు ముక్కు చీదుకున్నాడు. ముత్యాలు మాత్రం, "ఓలమ్మ, మావకి నోరుంది!" అని ఆశ్చర్యపోయింది.

దీపాలవేళకు ఇద్దరూ వైజరు పట్టుకుని ఠాకురాణి గుడిలో నిలబడ్డారు. కాసమ్మ అట్టను అమ్మవారి వైపు తిప్పి చూపించింది. ఎవరికి ముందు దండం పెట్టాలో తేల్చుకోలేక పైడన్న ఇద్దరికీ మధ్యగా పెట్టాడు.

మర్నాడు శ్యామసుందర్, తన నోరు చేసిన పనికి పరిహారంగా, పాత వైజరును బొట్లతో సహా మళ్లీ కాసమ్మ వైపే బిగించి పెట్టాడు. అక్కడి నుంచి విప్పిన లైటు వైజరు, విసనకర్ర పోయిందని సణుగుతున్న ముత్యాలుకు చేరింది. లైటు వెలగకపోయినా అద్దం ఉంది కాబట్టి, ఆమె ఈగలు తోలుతూ మధ్యమధ్యలో ముఖం చూసుకుంటోంది. ఇక పైడన్న నెత్తి మీది కొత్త వైజరు అక్కడే ఉండిపోయింది. మొక్కు తీరినా కాసమ్మ ఆటో ఎక్కలేదు. లేని పిన్నత్త కోడలికి ఈమధ్య కవలలు కూడా పుట్టారు. పైడన్న ఇప్పుడు పొడిపించుకోకుండానే "తర్వాత?" అని అడుగుతాడు. అయినా ఆమెకు పూర్తి నమ్మకం లేదు. ఛత్రపురం దాటగానే చెయ్యి చాచి, అతని వైజరు మూత ఒక్క క్షణం జరిపి, కళ్లు తెరుచుకునే ఉన్నాయని చూసి మూస్తుంది.

బొట్టు కోసం పెట్టించిన లైటు పైడన్న ముఖం మీదే వెలుగుతోంది. కాసమ్మ బొట్టు మాత్రం కనుబొమ దిగలేదు.